ఇ9 స్టీల్‌లో ‘ఎ’ పెడల్‌ను తిరగేసి, సి షార్ప్‌ను షడ్జమం చేస్తే?

డాలస్_స్టీల్

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు గుంటూరులో ఆరేళ్లు వీణ నేర్చుకున్నాను. టెక్సస్ వచ్చాక పెడల్ స్టీల్ గిటార్ మీద మనసు పడింది. ఎడమచేత్తో తీగల మీద కడ్డీ జరుపుతూ మీటే వాద్యం అది; పాదం కింది పెడల్‌లు, మోకాలి దగ్గరి లివర్‌లు తీగల స్వరం మారుస్తాయి. నాది ఒకే మెడ, పది తీగలు, మూడు పెడల్‌లు, నాలుగు మోకాలి లివర్‌లు ఉన్న వాద్యం. మామూలు నాష్‌విల్ ఇ9 ట్యూనింగ్, బడీ ఎమన్స్ అనే స్టీల్ వాద్యకారుడి పేరుతో పిలిచే వరసలో పెడల్‌లు. నాలుగేళ్లుగా కంట్రీ పాటలు వాయిస్తున్నాను. ఇప్పుడు దీని మీద కర్ణాటక సంగీతం వాయించాలని కోరిక.

నేను వేసుకున్న పథకం ఇది. షడ్జమం సి షార్ప్, అంటే మన ఒకటిన్నర శ్రుతి. పైతీగ నుంచి కిందికి ప, గ, స, ద, ప, గ, స, ద, ప, స. ఒకటే నియమం: స, ప తీగల్ని ఏ పెడలూ తాకకూడదు. అవి అచల స్వరాలు కదా. గ, ద తీగలు మాత్రమే పెడల్‌లతో కదలాలి. రి కోసం స తీగను లాగాల్సి వస్తోంది, అక్కడే నియమం తెగిపోతోంది. మూడు రోజులుగా కాగితం మీద కొట్టేస్తూ రాస్తున్నాను, దారి దొరకలేదు. ఇలాంటి ట్యూనింగ్ కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నాష్‌విల్_దారి

తమ్ముడూ, నీ పథకం చూడగానే ఒకటి తట్టింది. ప గ స ద ప గ స ద అంటే పాశ్చాత్య పేర్లలో జి ఇ సి ఎ జి ఇ సి ఎ. అది సి6 ట్యూనింగే. అరస్వరం పైకి జరిపావు, అడుగున ఎఫ్ ఉండే చోట ప పెట్టావు, అంతే. రెండు మెడల స్టీల్‌లో వెనక మెడ మీద జాజ్, వెస్టర్న్ స్వింగ్ వాయించేవాళ్లు దశాబ్దాలుగా కడుతున్నది అదే. తప్పేం కాదు, మంచి ట్యూనింగ్. కానీ అది కొత్తదనుకుని పది తీగలూ మార్చి, కింద పెడల్‌ల నుంచి తీగలకు వెళ్లే రాడ్‌లన్నీ విప్పేస్తే నెల రోజుల పని.

విప్పే ముందు నీ చేతిలో ఉన్న ఇ9నే ఒకసారి స్వరాల్లో రాసి చూడు. సి షార్ప్ షడ్జమంగా పెట్టుకునే రాయి. రాత్రికి నేనూ రాసి పెడతాను.

మూడోతీగ

నేను మెకానికల్ ఇంజినీర్‌ని, స్టీల్‌లు విప్పి బిగించడం నా సరదా. ఒక్క హెచ్చరిక చేసి ఊరుకుంటాను. మీరు ఏ పథకం వేసినా పైన ఉన్న సన్నతీగతో జాగ్రత్త.

ఇ9లో మూడో తీగ జి షార్ప్, 0.011 అంగుళం. ‘బి’ పెడల్ తొక్కితే ఎ అవుతుంది, అంటే 440 హెర్ట్జ్. 24.25 అంగుళాల పొడవున్న తీగ ఆ స్థాయిలో ఉన్నప్పుడు దాని మీద పడే బిగువు దాదాపు 14 కిలోలు. బరువు చిన్నదే అనిపిస్తుంది కానీ తీగ మరీ సన్నం. ఉక్కులో ప్రతి చదరపు మిల్లీమీటరుకూ సుమారు 235 కిలోలు పడుతున్నట్టు. మంచి మ్యూజిక్ వైరు తెగే హద్దుకు అది చాలా దగ్గర. అందుకే స్టీల్ వాద్యకారులందరి సంచిలోనూ మూడో తీగలు అదనంగా ఉంటాయి.

ఇంకా సన్నతీగ వేస్తే తెగదేమో అని అందరూ అడుగుతారు. లాభం లేదు. సన్నబడితే బిగువు తగ్గుతుంది, దాన్ని మోసే ఉక్కు కూడా అంతే తగ్గుతుంది. పొడవు, స్థాయి మారకపోతే ఉక్కు మీద ఒత్తిడి మారదు. కాబట్టి ఆ తీగను ఎ షార్ప్ దాకా, అంటే చతుశ్రుతి ధైవతం దాకా లాగాలని మాత్రం అనుకోకండి. ఒత్తిడి ఇంకో 12 శాతం పెరిగి తెగిపోతుంది.

వీణ_విజయవాడ

నేను వీణ నేర్పుతాను, స్టీల్ గురించి పెద్దగా తెలియదు. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే రాస్తున్నాను. ఒక సందేహం. కడ్డీ జరిపి వాయించే వాద్యం మనకు ఉంది కదా, గోటువాద్యం, చిత్రవీణ అంటాం. జారు, కంపితం లాంటి గమకాలన్నీ ఆ కడ్డీతోనే పలుకుతాయి. మీ స్టీల్‌లో కూడా ఎడమచేతిలో కడ్డీ ఉంది. మరి కాళ్లతో, మోకాళ్లతో తీగలు లాగడం దేనికి నాయనా? గమకం చేతిలో ఉండగా దాన్ని కాలికి ఎందుకు అప్పజెప్పడం? తప్పుపట్టడం కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

డాలస్_స్టీల్

అమ్మా, మీరు అడిగినదే అసలు ప్రశ్న. నాకు తెలిసినంత చెబుతాను.

కడ్డీ తీగలన్నిటినీ కలిపి కదిలిస్తుంది. గ మీద కంపితం వేస్తే పక్కనే మోగుతున్న స కూడా దాంతోపాటు ఊగుతుంది. అందుకే కడ్డీ వాద్యాల్లో ఆధార శ్రుతికి కడ్డీ తగలని తీగలు వేరుగా ఉంటాయి. పెడల్ మాత్రం తనకు కట్టిన తీగల్నే కదిలిస్తుంది. కడ్డీ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. స మోగుతూ ఉంటుంది, దాని పక్కన గ ఒక్కటే లేచి మ దగ్గరికి వెళ్లి తిరిగి వస్తుంది. ఈ వాద్యం మీద నాకు ప్రేమ పుట్టింది ఆ ధ్వనితోనే.

అమెరికాలో కూడా అందరికీ అదే కొత్తగా వినిపించింది. 1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ పాటలో బడ్ ఐజాక్స్ పెడల్ తొక్కుతూ, తీగ మోగుతుండగానే స్వరం మార్చాడు. అంతకు ముందు కూడా పెడల్‌లున్న వాద్యాలు ఉన్నాయి, కానీ వాటిని ఎక్కువగా ట్యూనింగ్ మార్చడానికే వాడేవారు. ఆ పాట తర్వాత స్టీల్ వాయించేవాళ్లు పరుగులు పెట్టి తమ వాద్యాలకు పెడల్‌లు బిగించుకున్నారు.

కాబట్టి గమకాన్ని కాలికి అప్పజెప్పడం నా ఉద్దేశం కాదు. జారు, నొక్కు, స్ఫురితం అన్నీ చేతిలోనే ఉంటాయి. చేయి ఇవ్వలేని ఆ ఒక్కదాని కోసమే కాలు.

వీణ_విజయవాడ

ఇప్పుడు అర్థమైంది. స నిలబడి ఉండగా దాని ఎదుట గ ఊగడం. తోడి గాంధారం అలా వింటే ఎలా ఉంటుందో ఊహిస్తేనే ఒళ్లు జలదరిస్తోంది. కానీ నాయనా, తోడి చివర చేయి. ముందు సరళీ వరసలు పలికించు.

నాష్‌విల్_దారి

మాట ఇచ్చినట్టే రాసి చూశాను. రాశాక నిద్ర పట్టలేదు.

మామూలు ఇ9, పైనుంచి కిందికి: ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. సి షార్ప్ షడ్జమం అనుకుంటే ఇవే తీగలు మ1, రి2, ప, గ2, ని2, ప, మ1, గ2, రి1, ని2 (అంకె ఒకటి పెరిగితే అదే స్వరం అరస్వరం పైన). పైన రెండు తీగలు వరస తప్పి ఉన్నాయేమిటని కొత్తవాళ్లు అడుగుతారు. వాటిని 1962లో బడీ ఎమన్స్ చేర్చాడు, స్వరాలు పక్కపక్కనే అందేలా. ఆ రెండూ మనకు రి, మ అయి కూర్చున్నాయి.

ఇక పెడల్‌లు. ‘ఎ’ తొక్కితే ఐదు, పది తీగలు బి నుంచి సి షార్ప్ అవుతాయి: ని2 నుంచి స. ‘బి’ తొక్కితే మూడు, ఆరు జి షార్ప్ నుంచి ఎ: ప నుంచి ద1. ‘సి’ తొక్కితే నాలుగో తీగ ఇ నుంచి ఎఫ్ షార్ప్: గ2 నుంచి మ1; ఐదో తీగ కూడా ‘ఎ’ తొక్కినట్టే స అవుతుంది. ఎడమ మోకాలు ఎడమవైపు నెడితే ఇ కాస్తా ఎఫ్: గ2 నుంచి గ3. కుడివైపు నెడితే ఇ దిగి డి షార్ప్: రి2. కుడి మోకాలి లివర్‌లలో ఒకటి ఎఫ్ షార్ప్‌ను జి చేస్తుంది: మ1 నుంచి మ2. ఇంకొకటి రెండో తీగను డి షార్ప్ నుంచి డికి, ఇంకా నెడితే సి షార్ప్‌కి దింపుతుంది: రి2, రి1, స. మధ్యలో మోకాలికి ఒక చిన్న అడ్డు తగులుతుంది, అక్కడ ఆగితే రి1.

పన్నెండు స్వరస్థానాల్లో పది దొరికాయి. లేనివి ద2, ని3. ముప్ఫై ఏళ్లుగా ఈ చార్టు నా కళ్ల ముందే ఉంది, ఒక్కసారి కూడా ఇలా చూడలేదు.

అడ్డంకి ఒక్కటే, కానీ పెద్దది. షడ్జమం కావాలంటే ‘ఎ’ పెడల్ తొక్కి పట్టుకునే ఉండాలి. ఆధార స్వరం కోసం పాదం ఎప్పుడూ కిందే ఉంటే ఆ కాలితో ఇంకేం చేస్తాం?

డాలస్_స్టీల్

అన్నా, మీ పోస్టు ఆఫీసులో చదివాను. మీటింగ్‌లో కూర్చున్నానే గానీ బుర్రంతా ఐదో తీగ మీదే.

పెడల్‌ను తిరగేస్తే? ఐదు, పది తీగల్ని సి షార్ప్‌లోనే కట్టేద్దాం. అవి కాలు వేయకుండానే స. ‘ఎ’ పెడల్ తొక్కితే పైకి లేవడానికి బదులు బికి దిగాలి: స నుంచి ని2. స్వరాలు అవే, పెడల్ పని మాత్రం తలకిందులు. అప్పుడు ఖాళీ తీగలు కింది నుంచి పైకి: స, రి1, గ2, మ1, ప, స, గ2, ప, ఆ పైన రి2, మ1.

నాష్‌విల్_దారి

ఆలోచన బాగుంది. నా పాదం మాత్రం ఒప్పుకోదు. బిగువు పెంచాలంటే తొక్కాలి, విడిస్తే స్థిమితపడాలి అని ఇన్నేళ్లుగా దానికి అలవాటు. నువ్వు చెప్పిన దానిలో విడిస్తే స్వరం లేస్తుంది. కంట్రీ వాయించేటప్పుడు ‘ఎ’ను తొక్కి ఉంచి, విడిచిపెట్టడమే వాయించడం అవుతుంది. ఇప్పటిదాకా రాసిన ట్యాబ్‌లన్నీ (ఏ తీగ, ఏ పెడల్ అని రాసుకునే పాఠాలు) తిరగేసి చదవాలి.

అయినా ఆపను. అందరూ ఒకే చార్టు వాడాలని రాసిపెట్టి లేదు. స్నీకీ పీట్ క్లైనో అనే స్టీల్ వాద్యకారుడు ఎనిమిది తీగల ఫెండర్ 400 మీద బి6 కట్టి, పెడల్‌లు తనకు తోచినట్టు పెట్టుకున్నాడు. 1969లో ఫ్లయింగ్ బురిటో బ్రదర్స్ బృందంతో ఆయన వాయించినది ఈ రోజుకీ వేరే ఎవరి చేతిలోనూ అలా పలకదు. ఇంకో స్టీల్ వాద్యకారుడు పాల్ ఫ్రాంక్లిన్ తన అవసరం కోసం పెట్టుకున్న పెడల్‌ని ఇప్పుడు అందరూ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. చేతికి ఏ సంగీతం కావాలో దాన్నిబట్టే కింద రాడ్‌లు ఉండాలి.

మూడోతీగ

తిరగేసిన పెడల్ సాధ్యమే. చేయాల్సిన పని చెబుతాను, ముందు మీ వాద్యం కింద చూసి నిర్ధారించుకోండి.

తీగలు. ఒక పూర్ణస్వరం పైకి కడితే బిగువు 26 శాతం పెరుగుతుంది, కాబట్టి తీగ సన్నబడాలి. ఐదో తీగ 0.017 బదులు 0.015. పదోది మీ దగ్గర 0.038 ఉంటే 0.034.

ఛేంజర్. ప్రతి తీగకూ ఒక వేలు లాంటి పలక ఉంటుంది, దాన్ని రాడ్ లాగుతుంది. పెంచడానికి కొన్ని రంధ్రాలు, దింపడానికి కొన్ని. ‘ఎ’ పెడల్ రాడ్‌లను పెంచే రంధ్రం నుంచి తీసి దింపే రంధ్రంలో పెట్టాలి. ని3 కూడా కావాలి కదా, దానికి ఇవే తీగలు సి షార్ప్ నుంచి సికి దిగాలి. అంటే ఒకే తీగకు దింపే రంధ్రాలు రెండు ఉండాలి. పాత వాద్యాల్లో కొన్నిటికి ఒక్కటే ఉంటుంది. మీది డబుల్ లోయర్ అయితేనే ముందుకు వెళ్లండి.

ని3 కోసం ఏ లివర్? నాలుగే ఉన్నాయి కాబట్టి ఒకటి వదులుకోవాలి. ఇ తీగను డి షార్ప్‌కి దింపేది వదిలేయండి. పైన రెండో తీగ మీద రి2 ఎలాగూ ఉంది.

ఇక ద2. మూడో తీగ మీద కుదరదని ముందే చెప్పాను. ఆరో తీగ జి షార్ప్ ఒక స్థాయి కింద ఉంటుంది, దాన్ని ఎ షార్ప్ దాకా హాయిగా లాగవచ్చు. ‘సి’ పెడల్‌కి ఐదో తీగతో ఇక పని లేదు, ఆ రాడ్‌ను ఆరో తీగకు వేయండి.

డాలస్_స్టీల్

ఒక్క క్షణం. ‘సి’ పెడల్ నాలుగో తీగను గ2 నుంచి మ1కి, ఆరో తీగను ప నుంచి ద2కి ఒకేసారి లాగుతుందా? రెండూ కలిసి మోగితే ఏమవుతుంది?

మూడోతీగ

కలిసి ఎందుకు మోగుతాయి? మీరు వాయించేది కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు కాదుగా. కంట్రీలో మూడు తీగలు ఒకేసారి మీటుతారు, కాబట్టి ఒక పెడల్ కదిపే తీగలన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. ఆ చార్టు అంతా ఆ లెక్క మీదే కట్టారు. మీకు ఒకసారికి ఒక స్వరం. మహా అయితే పక్కన ఒక స మోగుతుంది. ఒకే పెడల్‌కి సంబంధం లేని రెండు పనులు అప్పజెప్పవచ్చు. మూడు పెడల్‌లు ఆరు పెడల్‌ల పని చేస్తాయి.

డాలస్_స్టీల్

ఈ మాట ముందే తట్టి ఉంటే మూడు రోజుల కాగితాలు మిగిలేవి. కార్డుల కోసం కట్టిన చార్టును పట్టుకుని ఏకస్వరంగా పాడే సంగీతానికి సర్దాలని చూస్తున్నాను నేను. ఈ శనివారం విప్పుతాను.

గిటార్_విశాఖ

నమస్తే అందరికీ. నా దగ్గర పాత హవాయన్ గిటార్ ఉంది, ఒళ్లో పెట్టుకుని వాయించేది, ఆరు తీగలు. పెడల్‌లు లేవు. ఈ చర్చలో నాకు పనికొచ్చేది ఏమైనా ఉందా?

నాష్‌విల్_దారి

ఉంది బాబూ. పెడల్ లేని గిటార్ మీద కడ్డీయే అన్నీ. స్టీల్ గిటార్ వాద్యకారుడు జెరీ బర్డ్ జీవితమంతా పెడల్‌లు వద్దనే అన్నాడు, ఆయన స్వరంలో ఉన్న మాధుర్యం పెడల్‌లున్న ఎంతోమందికి రాలేదు. నువ్వు రెండు తీగలు స, రెండు తీగలు ప కట్టుకుని, కడ్డీ తీగలకు సరిగ్గా అడ్డంగా నిలిచేలా సాధన చెయ్యి. కడ్డీ వెనక మిగతా వేళ్లు తీగల్ని ఆనించి ఉంచాలి, లేకపోతే గరగరమంటుంది.

డాలస్_స్టీల్

తొమ్మిది రోజులైంది. పని పూర్తయింది, పూర్తిగా కాదు కూడా.

ముందు మంచి మాట. డబుల్ లోయర్ ఛేంజరే. రాడ్‌లు మార్చడానికి రెండు సాయంత్రాలు పట్టింది. వాద్యాన్ని దుప్పటి మీద బోర్లించి, రాడ్‌లను లాగే బెల్ క్రాంకులు ఇరుసు మీద జరిపి, నైలాన్ నట్లు మళ్లీ సరిచేశాను.

తర్వాత కడ్డీ పక్కన పెట్టేసి, ఖాళీ తీగల మీద మాయామాళవగౌళ సరళీ వరస మీటాను. పదో తీగ స. తొమ్మిదో తీగ రి1. ఎనిమిదో తీగ మోకాలు ఎడమకు నెట్టి గ3. ఏడో తీగ మ1. ఆరో తీగ ప. అదే తీగ ‘బి’ పెడల్‌తో ద1. ఐదో తీగ మోకాలు కుడికి నెట్టి ని3. మోకాలు విడిచిపెడితే స. పది నుంచి ఐదు దాకా వరసగా తీగలు, ఎడమచేయి ఒళ్లో ఉంది. ఏడేళ్ల వయసులో మా మాస్టారి ముందు కూర్చుని మొదటిసారి వాయించిన వరస అది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడి విన్నది.

ఇక సమస్య. ‘ఎ’ పెడల్ తొక్కి విడిచిపెడితే ఐదో తీగ సరిగ్గా సి షార్ప్‌కి రావడం లేదు. ట్యూనర్‌లో 7 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) తక్కువ చూపిస్తోంది. వేరే స్వరమైతే సర్దుకునేవాణ్ణి. ఇది షడ్జమం. పాట మధ్యలో ఆధారమే జారిపోతుంటే చెమటలు పడుతున్నాయి. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

మూడోతీగ

కంగారు పడకండి, అది ఛేంజర్ వెనక ఉండే స్ప్రింగ్ పని. దింపే పలకను దాని అడ్డుకు ఆనించి ఉంచేది ఆ స్ప్రింగే. తీగ బిగువు ఎప్పుడూ ఆ పలకను దిగువకు లాగుతూ ఉంటుంది, స్ప్రింగ్ ఎదురు లాగాలి. స్ప్రింగ్ బలం చాలకపోతే పలక తిరిగి వచ్చి అడ్డుకు గట్టిగా ఆనదు, స్వరం తక్కువగా నిలుస్తుంది. ఐదో తీగను ఇప్పటిదాకా మీ వాద్యంలో ఎవరూ దింపలేదు, కాబట్టి అక్కడ స్ప్రింగ్ సడలి ఉంటుంది.

కొత్త స్ప్రింగ్ వేయండి, లేదా బిగువు ఎక్కువయ్యే రంధ్రానికి మార్చండి. మరీ బలమైనది వేస్తే పెడల్ బరువెక్కుతుంది, చీలమండ నొప్పి పుడుతుంది. స్వరం సరిగ్గా తిరిగి వచ్చేంత బలం చాలు. పలకల ఇరుసు దగ్గర ఒక్క చుక్క పల్చటి నూనె కూడా వేయండి.

డాలస్_స్టీల్

స్ప్రింగ్ మార్చాను. ఇరవైసార్లు తొక్కి విడిచి చూశాను, ముల్లు కదల్లేదు. ధన్యవాదాలు సార్. రికార్డింగ్ ఒకటి పెడుతున్నాను, మాయామాళవగౌళలో సరళీ వరసలు, జంట వరసలు. అమ్మా, మీరు వినాలి.

వీణ_విజయవాడ

రెండుసార్లు విన్నాను. స, ప నిలకడగా ఉన్నాయి. అంతర గాంధారం మెత్తగా, తీయగా ఉంది, కీబోర్డులో వచ్చేలా గుచ్చుకోలేదు. కానీ మధ్యమం ఎక్కువైంది. చాలా కొంచెమే, అయినా నా చెవికి తగులుతోంది. ప్రతి ఆవర్తంలోనూ అలాగే ఉంది, కాబట్టి అది చేతి పొరపాటు కాదు. తీగ కట్టడంలోనే ఉంది.

నాష్‌విల్_దారి

అమ్మగారి చెవికి దండం పెట్టాలి. ఇది ఇ9 వాయించే ప్రతివాడినీ వేధించే ఎఫ్ షార్ప్ గొడవ.

మేం తీగల్ని ట్యూనర్‌లో సున్నా దగ్గర కట్టం. ఇ సున్నా దగ్గర ఉంటే జి షార్ప్‌ను 14 సెంట్లు, సి షార్ప్‌ను 16 సెంట్లు తగ్గిస్తాం, కార్డు కొట్టుకోకుండా ఉండాలని. అదృష్టం ఏమిటంటే ఆ తగ్గింపులన్నీ సి షార్ప్ షడ్జమానికి సరిగ్గా సరిపోతాయి. స నుంచి ప శుద్ధ పంచమం అవుతుంది, రి2, గ2 కూడా కుదురుతాయి. శ్రుతి పెట్టెను 16 సెంట్లు దింపుకుంటే చాలు. ఎఫ్ షార్ప్ ఒక్కటే కుదరదు. మేం దాన్ని ఇ, బి తీగలతో కలిసేలా కడతాం. సి షార్ప్ వైపు నుంచి చూస్తే అది దాదాపు 22 సెంట్లు ఎక్కువ. ఇక్కడ చాలామంది మధ్యలో ఎక్కడో ఒకచోట రాజీపడతారు.

వీణ_విజయవాడ

22 సెంట్లా? 81కి 80 నిష్పత్తి అంటే అంతే కదా. దాన్ని మనం ప్రమాణ శ్రుతి అంటాం. శాస్త్రంలో శ్రుతుల తేడాలు కొలిచేటప్పుడు పాఠంగా చెబుతాం గానీ, అది ఒక తీగ మీద తప్పుగా నిలబడి వినిపించడం నాకు ఇదే మొదటిసారి. నాయనా, నీకు కార్డులతో పని లేదన్నారుగా. రాజీ ఎందుకు? మధ్యమాన్ని షడ్జమానికే కట్టు.

డాలస్_స్టీల్

కట్టాను. ఒకటి, ఏడు తీగలు ట్యూనర్‌లో 18 సెంట్లు తగ్గించాను. స మోగుతుండగా మ మీటితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు నిలబడ్డాయి. ‘సి’ పెడల్‌తో వచ్చే మ1ని కూడా నైలాన్ నట్టు తిప్పి అక్కడికే తెచ్చాను.

వీణ_విజయవాడ

మంచిది. ఇప్పుడు మోహనం అడుగుతాను. కింది స్థాయిలో చతుశ్రుతి రిషభం ఎక్కడ? నీ తొమ్మిదో తీగ రి1. మోహనానికి, కల్యాణికి, శంకరాభరణానికి రి2 కావాలి. నేర్చుకునే రాగాల్లో సగానికి పైగా రి2తోనే ఉంటాయి. దాన్ని కడ్డీ మీద వెతుక్కుంటావా?

మూడోతీగ

తొమ్మిదో తీగను డి షార్ప్‌కి పెంచి కట్టండి. రెండో తీగను దింపే కుడి మోకాలి లివర్ ఇప్పటికే దీన్ని కూడా అరస్వరం దింపుతోంది, అది అలాగే ఉంటుంది. రెండో తీగ లివర్‌ను డి దగ్గరే ఆగేలా సరిచేస్తే, రెండు స్థాయిల్లోనూ లివర్ విడిస్తే రి2, నెడితే రి1. మధ్యలో ఆ చిన్న అడ్డు కోసం వెతుక్కునే బాధ కూడా పోతుంది.

నాష్‌విల్_దారి

తొమ్మిదో తీగ డి పోతే అది ఇక ఇ9 కాకుండా పోయినట్టే! కంట్రీకి అది గుండెకాయ. ఆలోచించి చెయ్యి తమ్ముడూ. ఇంకొకటి, నీకు మంద్ర స్థాయి లేదు. స కింద ఒక్క ని ఉంది, అంతే. ఇ9, బి6 రెండూ ఒకే మెడ మీద కలిపిన పన్నెండు తీగల యూనివర్సల్ స్టీల్‌లో అయితే కింద జి షార్ప్, అంటే మంద్ర పంచమం, దాని కింద ఇ కూడా దొరుకుతాయి. ఈ దారిలో గట్టిగా వెళ్లాలంటే ఎప్పటికైనా అటు వెళ్లాల్సిందే.

డాలస్_స్టీల్

అన్నా, ఆలోచించాను. తొమ్మిదో తీగ మార్చేశాను. ఇప్పుడు ఖాళీ తీగలు కింది నుంచి పైకి స రి2 గ2 మ1 ప స గ2 ప రి2 మ1. పెడల్ ‘ఎ’ ని2, ‘బి’ ద1, ‘సి’ ద2, నాలుగో తీగ మీద మ1. ఎడమ మోకాలు ఎడమకు గ3, కుడికి ని3. కుడి మోకాలు ఒకవైపు మ2, ఇంకోవైపు రి1. పన్నెండూ ఉన్నాయి. మంద్ర పంచమం నిజంగానే లోటు. కింద నుంచి ఎత్తుకునే కృతులు ప్రస్తుతానికి పక్కన పెట్టాను. యూనివర్సల్ కొనే స్తోమత ఈ ఏడాది లేదు.

కంట్రీ కోసం నెలకోసారి మా స్నేహితులతో వాయిస్తాను, ఆ రోజు వాళ్ల వాద్యం అడిగి తీసుకుంటాను.

వీణ_విజయవాడ

తోడి మొదలుపెట్టావా?

డాలస్_స్టీల్

నిన్న రాత్రి కూర్చున్నానమ్మా. ఐదో తీగ స మీటి వదిలేశాను. నాలుగో తీగ గాంధారం మీటి, ‘సి’ పెడల్‌ను సగం దాకా నొక్కుతూ వదులుతూ మధ్యమం వైపు ఊపాను. స కదల్లేదు. దాని పక్కన గాంధారం ఒక్కటే లేచి వాలుతోంది. మీరు అన్నట్టే ఒళ్లు జలదరించింది.

రెండు లోపాలు కనిపించాయి. పెడల్ నొక్కినప్పుడు పెట్టె కొద్దిగా వంగి, మోగుతున్న స 3 సెంట్లు తగ్గుతోంది. మూడోతీగ గారూ, దీనికి ఏమైనా మార్గం ఉందా? రెండోది నా కాలు. వీణ మీద వేలు లాగినప్పుడు ఊపు ఎక్కడ ఆగాలో వేలికి తెలుసు. చీలమండకు ఇంకా తెలియదు, లయకు ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా లేస్తోంది. మెట్రోనోమ్ 40 దగ్గర పెట్టి రోజూ అరగంట ఆ ఒక్క గాంధారమే వాయిస్తున్నాను. వచ్చే ఆదివారం రికార్డు చేసి పెడతాను.

మూడోతీగ

పెట్టె వంగడం పూర్తిగా పోదు, తగ్గించవచ్చు. ముందు కాళ్ల మరలు, పెడల్ బారు కొసల బిగింపులు చూడండి. ‘సి’ పెడల్ ఇప్పుడు రెండు తీగలు లాగుతోంది కాబట్టి భారం ఎక్కువ పడుతోంది. తోడి వాయించే రోజుల్లో ఆరో తీగ రాడ్ విప్పేసి చూడండి, తోడిలో ద2 ఎలాగూ లేదు.